ఒంగోలు అపార్ట్‌మెంటు వెనక 14 పిల్లులు: ముందు ఏ పని, తర్వాత ఏ పని

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో రెండు పిల్లులకు పాలన్నం పెట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడు కూనలు నాలుగు కలిపి 14 అయ్యాయి. కింది అంతస్తు వాళ్లు కంపు భరించలేకపోతున్నాం అంటున్నారు. అసోసియేషన్ వాళ్లేమో పట్టుకుపోయి కొత్తపట్నం ఒడ్డున వదిలేద్దాం, అక్కడ చేపలకు కొదవేముంది అంటున్నారు. అలా వదలొచ్చా, వదలకపోతే వీటిని ఎలా చూసుకోవాలి, సంక్రాంతికి ఊరెళ్తే ఏం చేయాలి అని అడిగారు.

కొత్తపట్నం వద్దండీ. ఉన్నచోటే ఉంచి, నెల రోజుల్లోపు అన్నిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, ఆడపిల్లులకు ముందు. గూళ్లు, గిన్నెలు, మంచి తిండి అన్నీ ఆ తర్వాతి మాట. ఆపరేషన్ లేకుండా కడుపునిండా పెడితే కూనలు పెరుగుతాయి, పిల్లులూ పెరుగుతాయి, చివరికి ఎవరో ఒకరు విసుగెత్తి విషం పెడతారు. అలాగని తిండి ఆపమనడం లేదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట పెడితేనే అవి బోనులోకి వస్తాయి. తిండి వేళ మీ చేతిలో లేకపోతే పిల్లి ఎప్పటికీ మీ చేతికి రాదు.

ఒడ్డున వదలడం ఎందుకు పనికిరాదంటే, పడవలు ఆగే చోట ఇప్పటికే పిల్లులు, కుక్కలు ఉంటాయి. కొత్తగా వచ్చినదాన్ని అవి నిలవనివ్వవు. అది మొదటి రాత్రే బెదిరి, తెలిసిన చోటికి రావాలని రోడ్డెక్కుతుంది. చేపలున్నాయి కదా అంటారా, మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఎండలు మండే ఆ రెండు నెలలే ఒడ్డున తిండి కరువు కూడా. ఇక మీ వెనక జాగాలో చెత్తకుండీ, ఎలుకలు అలాగే ఉంటాయి కాబట్టి ఖాళీ అయిన చోటుకి పక్క వీధి పిల్లులు చేరతాయి. అవి ఆపరేషన్ కానివి. ఆరు నెలల్లో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం. విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కిందికి వస్తుంది, దానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. మీటింగులో ఈ రెండు సెక్షన్లూ గొంతు పెంచకుండా చెబితే చాలు.

పిల్లులు ఇంత త్వరగా ఎలా పెరుగుతాయి

ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు వస్తుంది. చూడి 63 నుంచి 65 రోజులు. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకు రాగలదు. ఏడాదికి రెండు మూడు కాన్పులు, కాన్పుకు మూడు నుంచి ఐదు కూనలు. పిల్లులకు ఎద పగటి వెలుతురును బట్టి వస్తుంది. చలిదేశాల్లో శీతకాలం పగలు బాగా కుదించుకుపోతుంది కాబట్టి వాటికి కొన్ని నెలల విరామం దొరుకుతుంది. మన దగ్గర డిసెంబరులోనూ పగలు 11 గంటలకు తగ్గదు, అందుకే ఏడాది పొడుగునా కూనలే. మీ పది పెద్ద పిల్లుల్లో ఐదు ఆడవనుకుంటే ఏడాదికి 40 కూనలు పుట్టే వీలుంది. వాటిలో చాలావరకు జబ్బుతోనో బండ్ల కిందో పోతాయి. ఆ చావులు చూడలేకనే చాలామంది మధ్యలో వదిలేస్తారు.

అందుకే సగం పిల్లులకు చేయించి ఆగిపోతే ఫలితం కనపడదు. మిగిలిన రెండు ఆడపిల్లులే ఏడాదిలో ఖాళీ నింపేస్తాయి. పది మగవాటికి చేయించి ఒక ఆడదాన్ని వదిలినా అంతే, పక్క వీధి గండుపిల్లి ఒక్కటి చాలు.

ముందు లెక్క రాయండి. తిండి వేళ ఫోన్లో ప్రతిదానికీ రెండు ఫోటోలు తీయండి, ఒకటి పక్కనుంచి, ఒకటి వెనకనుంచి తోక ఎత్తినప్పుడు. మూడు రంగులు కలిసినది దాదాపు ఎప్పుడూ ఆడదే. పూర్తిగా నారింజ రంగుదైతే ఎక్కువగా మగది, కానీ ఖాయం కాదు. బుగ్గలు లావెక్కి, మొహం మీద గీరుకుపోయిన మచ్చలుంటే గండుపిల్లి. పొట్ట పక్కలకు ఉబ్బి, చనుమొనలు గులాబీ రంగు తేలితే చూడిది. పొట్ట కింద చనుమొనల చుట్టూ వెంట్రుక తడిసి అణిగి ఉంటే ఎక్కడో కూనలున్న తల్లి. ఈ చివరిదాన్ని గుర్తుపట్టకుండా పట్టుకెళ్తే ఎక్కడో అటక మీద కూనలు ఆకలికి చస్తాయి.

బోను

కుక్కలను పట్టే వల, గోనెసంచి, చేతి తొడుగులు, వీటితో ప్రయత్నించకండి. బెదిరిన పిల్లి కరిచిందంటే పంటి గాటు లోతుగా దిగుతుంది, చెయ్యి వాచిపోతుంది. పైగా రేబిస్ టీకాలకు తిరగాలి. వెల్డింగు షాపులో బోను చేయించుకోవచ్చు. పొడవు 32 అంగుళాలు, వెడల్పు 11 నుంచి 12, ఎత్తు 13. జాలీ కన్ను అంగుళం బై అర అంగుళం దాటకూడదు, దాటితే మూతి దూర్చి పళ్లు, ముక్కు చెడగొట్టుకుంటుంది. తొక్కుడు పలక బోను మధ్యలో కాకుండా వెనకనుంచి మూడోవంతులో ఉండాలి, లేకపోతే తలుపు తోక మీదో నడుం మీదో పడుతుంది. పడిన తలుపును పిల్లి తలతో పైకి నెట్టలేకుండా కొక్కెం పెట్టించండి. చాలా షాపుల్లో మరిచిపోయేది దీన్నే. వెనకవైపు పైకి జరిపే రెండో తలుపు ఉంటే డాక్టరు దగ్గర బోనులోంచి గూటిలోకి, అంటే మూసి ఉంచే జాలీ పంజరంలోకి, మార్చడం తేలిక. మీ 14కు రెండు బోన్లు చాలు.

పట్టే తేదీకి ఐదు రోజుల ముందునుంచి బోను తలుపు తాడుతో పైకి కట్టేసి తిండి చోటే ఉంచండి. మొదటి రెండు రోజులు గిన్నె బోను పక్కన, తర్వాత గుమ్మంలో, తర్వాత లోపల. ముందురోజు సాయంత్రం సగం తిండే పెట్టి, రాత్రికి గిన్నెలన్నీ తీసేయండి, నీళ్లు మాత్రం ఉంచండి. ఆ రోజు వేరే ఫ్లాటు వాళ్లు అన్నం వేస్తే మీ శ్రమంతా వృథా, కాబట్టి ముందే చెప్పుకోండి. తెల్లవారుజామున ఐదింటికి బోను అడుగున పేపరు పరిచి, వెనక మూలలో వేయించిన కవళ్ల చేప ముక్క ఒక్క చెంచాడంత పెట్టండి. వాసన గట్టిగా ఉండాలి, మోతాదు తక్కువగా ఉండాలి, ఎందుకంటే నిండు కడుపుతో మత్తిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోను పెట్టి ఇంట్లోకి వెళ్లిపోకండి, దూరంగా కనిపెట్టుకుని ఉండండి. తలుపు పడగానే మందపాటి దుప్పటి కప్పండి. చీకటి పడితే నిమిషంలో నెమ్మదిస్తుంది. కప్పకపోతే జాలీకి కొట్టుకుని మొహం చీరుకుంటుంది, ఆ శబ్దానికి మిగతావీ ఆ రోజుకి దగ్గరికి రావు.

ఒకటి రెండు మొండి పిల్లులు తొక్కుడు పలకను దాటి తినేసి పోతాయి. వాటికి పలక మీద ఆధారపడకుండా, తలుపు కింద నీళ్ల సీసా నిలబెట్టి దానికి దారం కట్టి, పిల్లి పూర్తిగా లోపలికి వెళ్లాక లాగండి. తల్లి బోనుకు రాకుండా కూనలు ముందు చిక్కితే, కూనల్ని గూటిలో పెట్టి దాన్ని బోను వెనకకు ఆనించి ఉంచండి. అరుపు విని తల్లి బోనులోకి వస్తుంది.

ఆటోలో తీసుకెళ్లేటప్పుడు బోను సీటు మీద అడ్డంగా, ఒరగకుండా, దుప్పటి కప్పి ఉండాలి. స్కూటరు ముందు కాళ్ల దగ్గర పెట్టుకోవడం ప్రమాదం.

డాక్టరుతో ముందే మాట్లాడుకోవలసినవి

మన వైపు పశువైద్యుల చేయి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకల మీద తిరిగినది. అందులో తప్పేం లేదు, కానీ పిల్లికి మత్తు లెక్క వేరు. కాబట్టి ఆడపిల్లుల ఆపరేషన్లు తరచూ చేసేవారెవరో కనుక్కుని, మొదటి పిల్లిని పట్టకముందే వెళ్లి నాలుగు విషయాలు అడగండి. రోజుకు ఎన్ని చేయగలరు. లోపలా బయటా కరిగిపోయే కుట్లు వేస్తారా, ఎందుకంటే వీధి పిల్లిని కుట్లు విప్పడానికి మళ్లీ పట్టలేం. రోజూ మాత్ర మింగించలేం కాబట్టి ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్, నొప్పికి ఒక ఇంజెక్షన్ అక్కడే ఇస్తారా. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసను అడ్డంగా, సూటిగా దాదాపు ఒక సెంటీమీటరు కత్తిరిస్తారా. ఈ చివరిది చాలామంది వద్దంటారు, పాపం అని. మత్తులో దానికి నొప్పి తెలియదు, వారంలో మానిపోతుంది. కుక్కలకు చేసినట్టు చిన్న గాటు పెడితే పోట్లాటలో చిరిగిన చెవికీ దానికీ తేడా తెలియదు. కొస సూటిగా తెగి ఉంటే పది గజాల దూరంనుంచే ఆపరేషన్ అయినదని కనిపిస్తుంది, ఇంకోసారి అనవసరంగా పట్టి కోయించే బాధ తప్పుతుంది.

బరువు రెండు కిలోలు దాటిన నాలుగైదు నెలల పిల్లికి నిర్భయంగా చేయించవచ్చు. ఒక ఎద కానివ్వాలి, ఒక కాన్పు కానివ్వాలి అన్నవి వట్టి నమ్మకాలు. చూడితో ఉన్నదానికి చేయాలా వద్దా అన్నది నెలలను బట్టి డాక్టరు తేల్చాలి. పాలిచ్చే తల్లికి పొట్ట కింద కాకుండా డొక్క పక్కన కోత పెడితే కూనలు కుట్లను పీకవు, గాయం దూరంనుంచి కనిపిస్తుంది కూడా.

కాలం సంగతి. మన దగ్గర డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా అనువైన సమయం, వానలు వెనకబట్టి ఎండలు ముదరవు. అక్టోబరు, నవంబరు ముసురులో గాయం తడిసి ఈగలు ముసురుతాయి. మే నెలలో మత్తులోంచి తేరుకునే పిల్లికి వేడి తట్టుకోవడం కష్టం. అలాగని మంచి నెల కోసం కూర్చోవద్దు, రెండు నెలల ఆలస్యమంటే ఇంకో కాన్పు. వేసవిలో చేయించాల్సి వస్తే ఫ్యాను, చల్లటి గది చూసుకుని చేయించండి, అంతే.

ఆపరేషన్ అయ్యాక మగవాటిని ఒక రోజు, ఆడవాటిని మూడు రోజులు గూట్లో ఉంచండి. పూర్తిగా మెలకువ వచ్చి తల నిలబెట్టేదాకా తిండి, నీళ్లు పెట్టకండి. మత్తులో ఒళ్లు చల్లబడుతుంది, కాబట్టి మొదటి రెండు మూడు గంటలు ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకుండా కింద పాత దుప్పటి వేయండి. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, కుట్లనుంచి చుక్కలుగా నెత్తురు కారుతూనే ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరికి. గాయం మీద పసుపు, కొబ్బరినూనె రాయకండి. నాకి నాకి కుట్లు ఊడదీసుకుంటుంది. వదిలేటప్పుడు పట్టిన చోటే, తెల్లవారో సాయంత్రమో వదలండి.

రేబిస్ టీకా అదే రోజు వేయించండి, మూడు నెలలు నిండిన ప్రతిదానికీ. డబ్బు కుదిరితే నోబివాక్ ట్రైక్యాట్ లాంటి మూడు జబ్బుల టీకా కూడా. అందులో ముఖ్యమైనది పాన్‌ల్యుకోపీనియా. వాంతులు, నీళ్ల విరేచనాలతో కూనల్ని రెండు రోజుల్లో తుడిచిపెట్టే వైరస్ అది, నేలలో ఏడాది దాకా బతుకుతుంది. ఒక కూన అలా పోయిందంటే ఆ చోటునూ గిన్నెల్నీ ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి 30 పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు నాననిచ్చి కడగాలి. డెట్టాల్, ఫినాయిల్ దాన్ని చంపవు.

తిండి: ఎంత, ఏది, ఏది వద్దు

పాలన్నం మానేయండి. పాలు అరిగించుకునే శక్తి పెద్ద పిల్లులకు తక్కువ, అందుకే విరేచనాలు. కింది అంతస్తు వాళ్లు పడుతున్న కంపులో సగం దానిదే.

మూడు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. పొడి మేత అయితే 50 నుంచి 60 గ్రాములు. నాలుగు నెలల కూన పెద్దదానితో సమానంగా తింటుంది, చిన్నది కదా అని తగ్గించకండి. 14కు పూర్తిగా పొడి మేతే పెడితే రోజుకు 770 గ్రాములు, నెలకు 23 కిలోలు. ఖర్చు ఎక్కువనుకుంటే సగం పొడి మేత, సగం వండినది. కుక్కల మేత చవక అని తేకండి. పిల్లికి అత్యవసరమైన టారిన్ అనే పోషకం అందులో చాలదు, అది లేకపోతే నెలల్లో చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది.

వండాలంటే పది పిల్లులకు ఒక రోజుకు: ఎముక లేని కోడి కందనకాయలు, గుండెకాయలు, తోలు, మాంసం అన్నీ కలిపి ఒక కిలో, అందులో గుండెకాయలు 200 గ్రాములన్నా ఉండాలి, టారిన్ వాటిలోనే ఎక్కువ. లివరు 50 గ్రాములు దాటొద్దు, రోజూ ఎక్కువ పెడితే విటమిన్ ఏ పేరుకుపోయి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. బియ్యం 150 గ్రాములు. ఉప్పు, పసుపు, నూనె ఏదీ వద్దు. ఉడికించిన నీళ్లు పారబోయకండి, టారిన్ ఆ నీళ్లలోకే దిగుతుంది, అన్నం ఆ నీళ్లలోనే ఉడకనివ్వండి. చల్లారాక కోడిగుడ్డు పెంకును ఎండబెట్టి మెత్తగా కొట్టిన పొడి ఒక టీస్పూను. ఎముక లేని మాంసంలో సున్నం, అంటే కాల్షియం, దాదాపు ఉండదు, ఈ పొడి లేకుండా నెలల తరబడి పెడితే కూనల కాళ్లు వంకర పోతాయి. ఉడికిన కోడి ఎముకలు మాత్రం పెట్టొద్దు, సూదుల్లా చీలతాయి.

చేపలు చవగ్గా దొరికే ఊళ్లలో అందరూ చేసే పని పచ్చి కవళ్లు, నెత్తళ్లు గుమ్మరించడం. ఈ చేపల్లో విటమిన్ బి1ను విరగ్గొట్టే గుణం ఉంది. రోజూ పచ్చివి తింటే కొన్ని వారాల్లో మెడ ముందుకు వేలాడేసి, తూలుతూ నడుస్తుంది, తర్వాత మూర్ఛలు. చాలామంది దీన్ని విషం పెట్టారనుకుంటారు. పది నిమిషాలు ఉడికిస్తే ఆ గుణం పోతుంది. ఉడికించినవి వారానికి రెండుసార్లు చాలు. ఎండుచేపల్లో ఉప్పెక్కువ, వద్దు. మిగిలిన చేపల పులుసు అన్నం అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురులో ఎర్రకణాలను పగలగొడతాయి, పులుసులో కరిగిపోయినా అంతే.

వేళ సాయంత్రం ఐదున్నర, వెలుగుండగానే. ఒకటే పెద్ద పళ్లెం పెడితే రెండు గండుపిల్లులే తింటాయి. ఏడు పళ్లేలు, మధ్య మీటరు దూరం. అరగంటలో తీసేయాలి, తినకపోయినా సరే. పళ్లెం ఉండిపోతే రాత్రికి పందికొక్కులు, పొద్దున్నే కాకులు, ఆపైన పొరుగువాళ్ల ఫిర్యాదు. చీమలు పడితే పళ్లేన్ని నీళ్లు పోసిన వెడల్పు తట్టలో నిలపండి. కుక్కలు వస్తుంటే పిట్టగోడ మీదో, నాలుగడుగుల ఎత్తున వేసిన బల్ల మీదో పెట్టండి. ఎవరి గేటు ముందూ, కార్ల కిందా పెట్టకండి.

నీళ్లు ఒక్కోదానికి రోజుకు 150 నుంచి 200 మిల్లీలీటర్లు. వేసవిలో కాకులు, ఉడతలు, ఆవిరి అన్నీ కలిపి ఐదు లీటర్లు ఉంచండి. మట్టి మూకుళ్లు, నీడలో, తిండికి కాస్త దూరంగా మూడు చోట్ల. రెండు రోజులకోసారి పీచుతో తోమాలి, లేకపోతే దోమపిల్లలు.

కంపు, ఫిర్యాదులు

ముక్కు బద్దలు చేసేది గండుపిల్లి గోడలమీద చిమ్మే ఉచ్చ. ఆపరేషనైన కొన్ని వారాల్లో ఆ ఘాటు చాలా తగ్గుతుంది, రాత్రి పోట్లాటలు, ఎద అరుపులు కూడా. మలానికి మూడు ఇసుక గుంతలు చేయించండి, నాలుగడుగులు బై మూడు, అడుగు లోతు, పైన రేకు లేదా పట్టా. ఏటి ఇసుకైతే అవి వాటంతటవే అక్కడికే వెళ్తాయి. రోజూ ఎత్తేసి, నెలకోసారి ఇసుక మార్చాలి. పూలకుండీల మట్టిమీద కొబ్బరి డొక్క ముక్కలు పరిస్తే అక్కడ తవ్వవు. ఎత్తేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి, గర్భిణులు ఆ పని చేయకూడదు, టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి మలంలో ఉండొచ్చు.

వాచ్‌మన్‌కు ఒక్క మాట గట్టిగా చెప్పండి: పిల్లులు తిరిగే చోట ఫినాయిల్ వద్దు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే క్లీనర్లలో చాలావాటికి ఇదే ఇబ్బంది. పిల్లి కాలేయం ఫినాల్ జాతి పదార్థాలను విరగ్గొట్టలేదు, పాదాలకు అంటినది నాకి చస్తుంది. సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్లు. బ్లీచింగ్ వాడితే ముందు ఉచ్చను నీళ్లతో కడిగేశాకే, రెండూ కలిస్తే మనకే ఊపిరాడని వాయువు పుడుతుంది.

కాలేయం బలహీనత వల్లనే పారాసెటమాల్ కూడా విషం. జ్వరంగా ఉందని ఒక్క మాత్ర వేసినా పిల్లి పోతుంది. ఒంగోలు చుట్టుపక్కల పశువులున్న ఇళ్లలో పిడుదులకు వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ మందులుంటాయి, పేలు పట్టాయని వాటిని పిల్లిమీద పోసేవాళ్లూ ఉన్నారు. వణుకు, మూర్ఛ, చావు. పిల్లికి ఫిప్రోనిల్ స్ప్రేనో, మెడమీద వేసే సెలమెక్టిన్ చుక్కలో డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. గాయంలో పురుగులు పడితే పశువులకు పోసినట్టు టర్పెంటైను పోయకండి, బోనుతో పట్టి డాక్టరుకు చూపండి.

వానలు, తుఫాను

వానకు తలదాచుకునే గూళ్లకు ఏదీ కొనాల్సిన పనిలేదు. చేపల మార్కెట్లో ఐసు వేసి చేపలు తెచ్చే థర్మోకోల్ పెట్టెలు పారేస్తుంటారు, అవే శ్రేష్ఠం. సబ్బుతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి, పక్కన ఒక మూలకు 15 సెంటీమీటర్ల బెజ్జం చేయండి, అడుగునుంచి రెండంగుళాలు పైకి. అంతకన్నా పెద్దదైతే కుక్క తల పెడుతుంది. మూత టేపుతో బిగించి, ఇటుకల మీద అడుగు ఎత్తున, కాస్త వెనక్కి వాలి ఉండేలా, అడుగున రెండు సన్న రంధ్రాలతో. మనకు పెద్ద వానలు ఈశాన్యం వైపునుంచి కొడతాయి, కాబట్టి బెజ్జం నైరుతికి. లోపల గుడ్డలు, గోనెలు వేయకండి, ఒకసారి తడిస్తే ఆరవు. వరిగడ్డి వేయండి, నెలకోసారి మార్చండి. పెట్టెకు రెండు పిల్లులు. ఏప్రిల్ వచ్చేసరికి పెట్టెలు తీసేయాలి, ఎండలో అవి పొయ్యిలా కాగుతాయి. అప్పుడు చెట్టు కింద తడి ఇసుక, పైన గోనెపట్టా నీడ చాలు.

2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు లోతట్టు కాలనీలను ముంచింది, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు పెద్ద పిల్లుల్ని ఎక్కడా బంధించకండి, ఎత్తు అవే చూసుకుంటాయి. నడక రాని కూనల్నీ తల్లినీ మెట్లకిందకు మార్చండి. పెట్టెలమీద రాళ్లు పెట్టి తాడు కట్టండి, మూడు రోజుల పొడి మేత మూతడబ్బాలో ఉంచుకోండి. ముసురు రోజుల్లో వెచ్చదనానికి కార్ల ఇంజన్ల దగ్గర దూరతాయి, బండి తీసేముందు బానెట్ మీద చరచమని సెల్లారులో కాగితం అంటించండి.

కూనలు, జబ్బులు

కూనలు ఒంటరిగా కనపడగానే ఎత్తుకురాకండి. తల్లి తిండికి వెళ్లి ఉండొచ్చు, కొన్ని గంటలు దూరంనుంచి చూడండి. కళ్లు 7 నుంచి 14 రోజులకు తెరుచుకుంటాయి, నెలకు మేత నాకుతాయి. ఎనిమిది వారాల్లోపు చేతికి అలవాటు చేస్తే ఇళ్లకు ఇవ్వొచ్చు, తర్వాత బెదురు పోవడం కష్టం. మీ నాలుగింటికి ఇంకా ఆ వయసు దాటకపోతే ముందు వాటికే ఇళ్లు వెతకండి. నట్టల మందు రెండో వారంనుంచి రెండు వారాలకోసారి, ఎనిమిది వారాలు నిండాక నెలకోసారి ఆరు నెలలదాకా. పెద్దవాటికి ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మిల్లీగ్రాములు వరుసగా మూడు రోజులు. ఒక్కో పళ్లెంలో ఒక్కో పిల్లి మోతాదు కలిపి, తినేదాకా దగ్గర నిలబడాలి. అందరి పళ్లెంలో కలిపేస్తే ఒకటి మూడింతలు మింగుతుంది, రెండు అసలు మింగవు.

ఆగకూడని లక్షణం ఒకటి: మగపిల్లి మాటిమాటికీ ఉచ్చకు కూర్చుని చుక్క రాక అరుస్తుంటే ఆ రోజే డాక్టరు, మరునాటికి ఆలస్యమవుతుంది. రెండు పూటలు తిండికి రానిది, చొంగ కారేది, కన్ను మూసుకుపోయినది కూడా మీ లెక్కపుస్తకంలోనే ముందు బయటపడతాయి.

ఎవరినైనా కరిచినా, నెత్తురొచ్చేలా గీరినా సబ్బుతో పారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో, నెత్తురొచ్చిన గాటుకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. పిల్లికి టీకా వేశాం కదా అని మానొద్దు. రోజూ పట్టే పని చేసేవాళ్లు ముందుజాగ్రత్త టీకా వేయించుకుంటే ఇంకా మంచిది.

ఇక సంక్రాంతి. నాలుగు రోజులకు మించకపోతే వండినది మానేసి పొడి మేతే పెట్టించండి, రోజుకు 770 గ్రాములు తూచి కవర్లలో కట్టి, తారీకులు రాసి వాచ్‌మన్‌కు ఇవ్వండి. మొత్తం సంచీ చేతికిస్తే మొదటి రోజే సగం అయిపోతుంది. బోన్ల తలుపులు తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి, మీరు లేనప్పుడు ఎవరూ బోను వాడకూడదు. సాయంత్రం తినేటప్పుడు ఒక ఫోటో పంపమనండి, ఎన్ని వచ్చాయో అందులోనే లెక్కపెట్టుకోవచ్చు. ఆపరేషన్ తేదీ మాత్రం ప్రయాణానికి ముందు వారంలో పెట్టుకోకండి.